జీతం లేని పనికి హక్కులుండవా?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చదువుకునే ఆడపిల్లలు, పని హక్కు అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. నేను అంత దూరం పోను. ఒక చిన్న కాగితం గురించి మాట్లాడతాను. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేస్తామని డిగ్రీ పిల్లలు కంపెనీలకు దరఖాస్తులు పెట్టుకుంటారు. వాటికి కంపెనీలు ఇచ్చే జవాబు గురించి. ఇరవై ఏడేళ్ళు బి.కాం. పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. చివరి నాలుగేళ్ళు ఈ ఇంటర్న్‌షిప్‌ల బాధ్యత కూడా నా నెత్తిన పడింది. ఆ జవాబులు చాలానే చదివాను. రాని జవాబుల కోసం పిల్లలతో పాటు నేనూ చాలానే ఎదురుచూశాను.

ఇది ఇంజనీరింగ్ పిల్లల గొడవ కదా, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21లో డిగ్రీలో చేరిన బ్యాచ్ నుంచి మామూలు బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. చదివే పిల్లలకు కూడా మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో ఊళ్ళో సర్వే, సమాజ సేవా ప్రాజెక్టు. రెండో ఏడాది అయ్యాక వేసవిలో రెండు నెలలు ఏదైనా సంస్థలో పని. మూడో ఏట ఒక సెమిస్టరు మొత్తం. వీటన్నిటికీ క్రెడిట్లున్నాయి. క్రెడిట్లు రాకపోతే డిగ్రీ చేతికి రాదు. చదువు పుస్తకాల దగ్గరే ఆగిపోకూడదన్న ఉద్దేశం మంచిదే, నేను కాదనను. కానీ పిల్లను "వెళ్ళి తీరాలి" అన్నారు గానీ కంపెనీని "తీసుకుని తీరాలి" అనలేదు. తీసుకుంటే ఎంత ఇవ్వాలో కూడా చెప్పలేదు. తప్పనిసరి అనే మాట ఒక వైపే ఉంటే ఆ వైపున్న మనిషి బతిమాలుకోవలసిందే గదా.

ముందు, అసలు జవాబు రావడమే ఎంత కష్టమో చెప్పాలి. ఐ.ఐ.టి.ల వంటి చోట్ల వచ్చే వేసవికి కావలసిన పిల్లలను పెద్ద కంపెనీలు అంతకు ముందు సంవత్సరం ఆగస్టు నుంచి డిసెంబరు లోపలే ఎంచుకుంటాయి. వాళ్ళే క్యాంపస్‌కి వస్తారు. మా పిల్లలకు సెమిస్టరు పరీక్షలయ్యాక గానీ ఈ ఆలోచన రాదు, మాకూ రాదు. ఏప్రిల్ నెలాఖరున పదిహేను కంపెనీలకు మెయిల్ పెడతారు. అప్పటికి ఆ తలుపులు మూసి నాలుగు నెలలై ఉంటుంది. ఒకమ్మాయి పెద్ద కంపెనీ నుంచి వచ్చిన మెయిల్‌ని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్వీటు ముక్కతో సహా నా బల్ల మీద పెట్టింది. చదివితే "మీ దరఖాస్తు అందింది, ధన్యవాదాలు" అని ఉంది. అది మిషను దానంతటదే పంపే మెయిల్. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. స్వీటు తిన్నాక చెప్పాను.

కంపెనీ మౌనం అని మనం లెక్కవేసే వాటిల్లో ఇంటి మౌనం కూడా కొంత ఉంటుంది. దరఖాస్తులో ఫోన్ నంబరు రాసే గడి ఉంటుంది. మా క్లాసులో సగానికి పైగా పిల్లలు అందులో రాసేది అన్న నంబరో నాన్న నంబరో. మెయిల్ కూడా అన్న ఫోనులోనే తెరుచుకుంటుంది. జవాబు ముందు అన్న చూస్తాడు. "విజయవాడా? రోజూ ఎవరు దింపుతారు?" అనుకుంటాడు, తీసేస్తాడు. పిల్లకు జవాబు రాలేదనే తెలుస్తుంది. ఒకమ్మాయికి ఈ సంగతి జూలైలో బయటపడింది. కంపెనీ వాళ్ళు "మీరు చేరలేదేం?" అని రెండోసారి రాస్తే. పోనీ తన నంబరే ధైర్యంగా రాసిన పిల్లకు ఇంకో తంటా. ఉద్యోగం సంగతి తేల్చకుండా రాత్రి పదకొండింటికి "గుడ్ నైట్" అని పంపే ఆఫీసు మనుషులున్నారు. దరఖాస్తు ఫారం నింపడం కూడా ఆడపిల్లకు, మగపిల్లవాడికి ఒకటి కాదు.

ఇక వచ్చిన జవాబులు. త్వరగా వచ్చే జవాబు, ఒక్కోసారి గంటలోపే వచ్చేది, డబ్బు అడిగేది. "మీరు ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు కట్టండి." పని ఉండదు. నెల రోజులు వీడియోలు పంపిస్తారు, చివర రంగుల సర్టిఫికెట్ పంపిస్తారు. మిర్చి కోతకు వెళ్ళి తల్లి తెచ్చిన కూలిలోంచి ఆ రెండు వేలు కడతారు. పని చేసినవాళ్ళకు డబ్బివ్వడం పోయి, పని చేశామని రాయించుకోవడానికి పనివాళ్ళే డబ్బివ్వడం వచ్చింది. మా కాలేజీలోనే కొందరు అధ్యాపకులు "పోనీలెండి, క్రెడిట్లు వస్తున్నాయిగా" అని దీన్ని ప్రోత్సహించారు. ఆడపిల్ల గడప దాటనక్కర్లేదు కాబట్టి ఇళ్ళల్లో కూడా ఇదే నచ్చుతుంది.

కొన్ని జవాబులు కాగితం మీద రావు, ఫోనులోనే వస్తాయి. "మేడం, మగపిల్లలుంటే పంపండి. మాది ఫీల్డు వర్కు." ఒక షోరూం యజమాని నాతోనే అన్నాడు. 1976 నాటి సమాన వేతన చట్టం జీతం విషయంలోనే కాదు, పనిలో చేర్చుకోవడంలో కూడా ఆడా మగా తేడా చూపకూడదని చెప్పింది. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లో కూడా ఆ నిషేధం ఉంది. ఆ మాటే అతనితో అన్నాను. "ఇది ఉద్యోగం కాదు కదండీ" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

మధ్యలో ఒక సందేహం తీర్చాలి. ప్రభుత్వం ఇంటర్న్‌షిప్ చేసే పిల్లలకు నెలకు ఐదు వేలిస్తోంది కదా అని చాలామంది అడుగుతున్నారు. అది 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం. పెద్ద కంపెనీల్లో పన్నెండు నెలలు. కానీ మొదలుపెట్టినప్పుడు పెట్టిన షరతుల ప్రకారం 21 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకే, అదీ రెగ్యులర్‌గా చదువుకుంటూ ఉండకూడదు. రెండో ఏడాది డిగ్రీ అయిన పందొమ్మిదేళ్ళ పిల్ల ఆ షరతుల్లోకి రాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదు చేసుకుంటే స్టైపెండ్ ఇవ్వక తప్పదు. అందుకేనేమో, నేను చూసిన ఏ జవాబులోనూ అప్రెంటిస్ అన్న మాట లేదు. ఇంటర్న్ అనే ఉంది.

2023 వేసవిలో మా విద్యార్థిని ఒకమ్మాయికి వచ్చిన జవాబు చెబుతాను. ఆమె పేరూ, ఊరూ చెప్పను. తండ్రి కోల్డ్ స్టోరేజీలో హమాలీ. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. మా పట్టణంలోనే ఒక టాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుకు రాసుకుంది. జవాబు మూడు వాక్యాలు. మీ దరఖాస్తు అంగీకరించడమైనది. మే 2న చేరవచ్చు. కాలేజీ ఉత్తరం, సొంత లాప్‌టాప్ తెచ్చుకోవలెను. అంతే. ఎన్ని గంటలకు రావాలి, ఎన్ని గంటలకు వదులుతారు, ఎవరి కింద పని చెయ్యాలి, ఏమైనా ఇస్తారా, ఏమైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి, ఏమీ లేదు. ఆ కాగితం చూసి నేను సంతోషించాను. క్లాసులో అందరికంటే ముందు దానికే వచ్చిందని బోర్డు మీద పేరు కూడా రాశాను.

ఆ ఆఫీసులో ఆరుగురు పనిచేస్తారు. ఈ అమ్మాయి పని టాలీలో బిల్లులు ఎక్కించడం. పొద్దున పదింటికి వెళితే సాయంత్రం ఆరు, ఏడు. ప్రతి నెలా 20వ తేదీకి జి.ఎస్.టి. రిటర్నులు వెయ్యాలి కాబట్టి ఆ వారమంతా ఎనిమిది దాటేది. ఊరికి ఆఖరి బస్సు ఏడున్నరకి. బస్సు తప్పితే తండ్రి ఎవరిదో బండి అడిగి వచ్చేవాడు. పైసా లేదు. మే 20న అందరూ వెళ్ళాక యజమాని ఆమెను ఉండమన్నాడు. కుర్చీ వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, స్క్రీను మీద తప్పులు చూపించాడు. ఆ తర్వాత ఫోనులో మెసేజీలు. అంతకంటే వివరాలు నేను చెప్పను, అది ఆమె చెప్పవలసిన సంగతి. వారం తర్వాత నా ఇంటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పింది. నేను ఏమన్నానో తెలుసా? "ఇంకా నెల రోజులే కదమ్మా. జాగ్రత్తగా ఉండు, సాయంత్రం పెందరాళే వచ్చెయ్యి, సర్దుకో. సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా గొడవ పెట్టుకోకు."

ఇరవై ఏళ్ళుగా మీ మీటింగులకు వస్తున్నదాన్ని. వరకట్నం మీద, సారా మీద ఊరేగింపుల్లో నడిచినదాన్ని. నా నోటి నుంచి వచ్చిన మాట అది. మహిళలు సర్దుకుపోవాలని ఎవరో అంటే ఎన్నిసార్లు ఖండించామో మనకే లెక్క లేదు. క్రెడిట్లనే సరికి నేనూ అదే అన్నాను.

సెప్టెంబరు నెలాఖరున ఒక న్యాయవాది క్లాసు విన్నాను. అప్పుడు తెలిసింది నాకు. 2013లో వచ్చిన పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఉద్యోగి అంటే ఎవరో చెప్పిన సెక్షన్ 2(ఎఫ్). శాశ్వతమైనా, తాత్కాలికమైనా, రోజు కూలీ అయినా, జీతానికైనా, జీతం లేకుండా అయినా, స్వచ్ఛందంగా అయినా పనిచేసే మనిషి ఉద్యోగే. ప్రొబేషనరు, ట్రైనీ, అప్రెంటిస్, లేక అటువంటి మరే పేరుతో పిలిచినా సరే. ఇందాక షోరూం ఆయన "ఇది ఉద్యోగం కాదు కదండీ" అన్నాడు చూడండి, వేరే చట్టాల సంగతి వాదించుకోవచ్చు గానీ, ఈ ఒక్క చట్టం ముందు ఆ మాట చెల్లదు.

ఇది ఉత్తపుణ్యానికి రాలేదు. దీనికి మూలమైన 1997 విశాఖ తీర్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీ దేవి కేసు నుంచి. ఆమె ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేసే సాథిన్. ఆమెకు ఇచ్చేది జీతం కాదు, కొద్దిపాటి గౌరవ వేతనం. "నువ్వు ఉద్యోగివి కాదు" అనిపించుకున్న మనిషి వల్ల మనకు ఈ చట్టం వచ్చింది. పోల్చి చూడండి. అమెరికాలో న్యూయార్క్‌లో ఒక విద్యార్థిని తన పై అధికారి మీద వేధింపుల కేసు వేస్తే, ఆమె జీతం లేని ఇంటర్న్ కాబట్టి ఆ నగర చట్టం కింద కేసు వెయ్యడానికి వీల్లేదని 2013 అక్టోబరులో ఫెడరల్ కోర్టు చెప్పింది. గగ్గోలు పుట్టాక 2014లో ఆ నగరం చట్టం మార్చుకుంది. అదే 2013లో మన చట్టంలో ఆ రక్షణ అప్పటికే రాసి ఉంది. రాసి ఉన్న సంగతి నాకే తెలియలేదు, ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

పదిమందికి తక్కువ పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళాలి. మండలంలో నోడల్ అధికారి ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో అక్కడికి పంపాలి. ఈ అధికారులను, కమిటీలను గడువు పెట్టి నియమించమని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించవలసి వచ్చిందంటే పదకొండేళ్ళు ఎలా గడిచాయో ఊహించుకోండి. ఫిర్యాదు మూడు నెలల్లో ఇవ్వాలి. అంతకు ముందు ఇవ్వలేకపోవడానికి తగిన కారణం ఉంటే, అది రాసి పెట్టి కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వవచ్చు. వేధింపు వరుసగా జరిగితే ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆఖరి మెసేజీ జూన్ మధ్యలో. డిసెంబరు దాకా వ్యవధి ఉంది.

మర్నాడే కబురు చేశాను. వచ్చింది. చట్టం అంతా చెప్పాను. "జీతం లేనిదాన్ని, నేను ఉద్యోగిని ఎలా అవుతాను మేడం?" అని అడిగింది. సెక్షను చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. తర్వాత అంది: "నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడు. సర్టిఫికెట్ వచ్చేసింది, క్రెడిట్లు వచ్చేశాయి. అప్పుడు మీరు సర్దుకోమన్నారు మేడం. నేను సర్దుకున్నాను. ఇప్పుడు మళ్ళీ కదపొద్దు."

ఆమె చేత బలవంతాన ఫిర్యాదు రాయించే హక్కు నాకు లేదు. రాయించలేదు. ఆ ఆఫీసును కాలేజీ జాబితాలోంచి తీసేయించాను. కారణం రాయమంటే "స్థలాభావం" అని రాశారు.

మరుసటి వేసవికి మేము కొందరం కూర్చుని ఒక పని చేశాం. పిల్ల దరఖాస్తుతో పాటు కాలేజీ తరఫున ఒక పేజీ ఉత్తరం జత చెయ్యడం. అందులో ప్రశ్నలే ఉంటాయి. పని వేళలు ఏమిటి, ఏ పని నేర్పుతారు, ఎవరి పర్యవేక్షణలో, స్టైపెండు గానీ కనీసం బస్సు చార్జీ గానీ ఇస్తారా, ఆరు దాటి ఉంచితే ఇంటికి ఎలా పంపుతారు, మీ అంతర్గత కమిటీలో ఎవరున్నారు, కమిటీ లేకపోతే జిల్లా స్థానిక కమిటీ ఫోన్ నంబరు పిల్లకు రాసిస్తారా. పిల్ల పర్సనల్ నంబరు ఇవ్వం, కాలేజీ నంబరు ఇస్తాం. జవాబు రాతపూర్వకంగా కావాలి. ఇంతే.

చాలా చోట్ల నుంచి జవాబు రాలేదు. ఒకాయన ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి "మీ పిల్లలు ఇంటర్న్‌షిప్ అడుగుతున్నారా, లాయరు నోటీసు పంపుతున్నారా?" అన్నాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "వచ్చే ఏడు ఎవరూ తీసుకోరు, క్రెడిట్లు పోతే మీరిస్తారా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. నిజంగానే ముగ్గురికి చోటు దొరకలేదు, వాళ్ళను ఆఖరుకు కాలేజీ ఆఫీసులోనే పెట్టుకున్నాం. కానీ ఒక చిన్న ఆడిట్ ఆఫీసు నుంచి అన్ని ప్రశ్నలకూ జవాబు వచ్చింది, ఐదున్నరకి వదులుతామని, నెలకు రెండు వేలిస్తామని. ఒక ఆసుపత్రి కమిటీ సభ్యుల పేర్లు రాసి పంపింది. ఒక సూపర్‌మార్కెట్ వాళ్ళయితే అడిగాక కమిటీ వేసుకున్నారు. పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే చోట కమిటీ వెయ్యకపోతే యాభై వేల దాకా జరిమానా ఉందని ఆ ఉత్తరం అడుగున ఒక చిన్న వాక్యం ఉంది. అది పని చేసి ఉంటుంది.

కాలేజీలకూ బాధ్యత ఉంది. 2015 నాటి యు.జి.సి. నిబంధనల్లో క్యాంపస్ అంటే కాలేజీ గోడల లోపలే కాదు, విద్యార్థినిగా ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన చోటు కూడా అని ఉంది. "బయట జరిగింది, మాకేం సంబంధం?" అని ఏ ప్రిన్సిపాలైనా అంటే ఆ నిబంధన చూపించండి.

ఇక మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఒకటుంది. మీకు కోపం వస్తే రానివ్వండి. ఈ దరఖాస్తులు కంపెనీలకే కాదు, మన సంస్థలకూ వస్తున్నాయి. బి.ఏ. పిల్లలు ఎక్కడికి రాస్తారు, మనకే రాస్తారు. నాకు తెలిసిన ఒక స్వచ్ఛంద సంస్థలో పదకొండు దరఖాస్తులు సొరుగులోనే ఉన్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. తీసుకున్న చోట ఏం చేయిస్తున్నాం? నిధులిచ్చే వాళ్ళకు పంపవలసిన రిపోర్టు టైపు చేయిస్తున్నాం, సర్వే ఫారాలు ఎక్కిస్తున్నాం, మీటింగుల్లో టీలు అందిస్తున్నారు. బస్సు చార్జీ అడిగితే "ఉద్యమంలో డబ్బు చూసుకోకూడదమ్మా" అంటున్నాం. మనమేమో నెల నెలా గౌరవ వేతనం తీసుకుంటూనే. 2013 చట్టంలో పనిచేసే చోటు అన్న నిర్వచనంలో స్వచ్ఛంద సంస్థ అని పేరు పెట్టి మరీ రాశారు. మనలో ఎందరి ఆఫీసుల్లో కమిటీ ఉంది? గోడ మీద దాని పేర్లున్నాయా?

ఇంకో మాట. ప్రతి అంతర్గత కమిటీలోనూ బయటి వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉండాలి. మహిళల కోసం పనిచేసే సంస్థల నుంచి, లేదా ఈ విషయాలు తెలిసిన వాళ్ళలోంచి. అంటే ఇక్కడ కూర్చున్న మనమే. మీలో కొందరు మిల్లుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో ఆ హోదాలో ఉన్నారని నాకు తెలుసు. ఏడాదికోసారి రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు "ఈ వేసవిలో ఎందరు ఇంటర్నులు వచ్చారు? వాళ్ళకు కమిటీ సంగతి చెప్పారా?" అని అడగండి. ఇంటర్నుల పేర్లు హాజరు పట్టీలో ఉండవు కాబట్టి, అడగకపోతే వాళ్ళు ఎవరికీ కనిపించరు.

ఆ ప్రశ్నల ఉత్తరం నకళ్ళు వెనక బల్ల మీద పెట్టాను. ఎనభై తెచ్చాను, చాలకపోతే ఇద్దరికొకటి తీసుకోండి. కంపెనీ పేరు రాసే చోట ఖాళీ వదిలాను. కానీ ఓ పన్నెండు కాగితాల మీద మాత్రం పేర్లు ముందే నింపి ఉన్నాయి. అవి ఇక్కడికి వచ్చిన మన సంస్థల పేర్లు. మీ పేరున్న కాగితం దయచేసి వదిలి వెళ్ళకండి, జవాబు ఈ నెలాఖరు లోపల కాలేజీకి అందాలి. పిల్లలు ఎదురుచూస్తున్నారు.